పాట పుట్టింట్లో వదిలి రావాలా?

పోయిన నెలలో ఒకరోజు ధర్మవరం వెళ్ళాల్సి వచ్చి హిందూపురంలో ప్యాసింజర్ ఎక్కాను. ఆడవాళ్ళమంతా ఒక మూల సర్దుకుని కూర్చున్నాం. నా ఎదురుగా ఉన్న అమ్మాయి ఫోన్లో పాట పెట్టింది. 'సారంగ దరియా'. చింతపండు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఓ పెద్దావిడ "ఇంకా కొంచెం గట్టిగా పెట్టమ్మా, ఈ రైలు మోతకు వినపడ్లేదు" అంది. రైలు పెనుకొండ చేరేసరికి మా మూలలో ఉన్నవాళ్ళలో సగం మందికి పెదాలు కదులుతున్నాయి. ఎవరూ గొంతు మాత్రం పైకి తీయలేదు. నేనూ తీయలేదు.

పాట అందరికీ వచ్చు. పాడటానికే సిగ్గు. ఆ సిగ్గు మనకెవరు నేర్పారో ఎప్పుడైనా ఆలోచించారా?

నేను ధర్మవరం బయల్దేరిన పనీ అదే. మా వదిన ఫోన్ చేసింది. "నువ్వు కథలూ గిథలూ రాస్తావు కదా, నీ మాటైతే వింటుంది. వచ్చి దానికి రెండు మాటలు చెప్పిపో" అని. 'అది' అంటే వదిన కూతురు. డిగ్రీ అయిపోయింది. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. పొద్దున కండెలు చుడుతుంది, సాయంత్రం ఫోన్ ఎదురుగా పెట్టుకుని పాడుతుంది. ఎవరూ నేర్పలేదు, వాళ్ళ జేజి పాడితే విని పట్టుకున్న పాటలు. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తూ పాడిన ఒక పాటను రెండు లక్షలమంది విన్నారట. ఆ పిల్లకు సంబంధం కుదిరింది. అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం. కట్నం మాటలూ అయిపోయాయి. చివర్న అబ్బాయి తల్లి ఒకే ఒక్క మాట అడిగిందట. "ఆ ఫోన్లో పాటలు పెట్టేది మాత్రం మానుకోవాల. మా ఇండ్లలో అట్లాంటివి లేవు."

ఇందులో నాకు మింగుడు పడని విషయం ఇంకొకటి ఉంది. నెల ముందు పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు "పాప బాగా పాడుతుందంట కదా, ఒక పాట పాడమనండి" అని అడిగింది కూడా ఆవిడే! పాడించుకుని, విని, "గొంతు బాగుంది" అని మెచ్చుకుని, తాంబూలం తీసుకుని మరీ వెళ్ళింది.

పెళ్ళిచూపుల్లో నోరు తెరవమంటారు. పెళ్ళయ్యాక నోరు మూయమంటారు. ఈ లెక్క మీకేమైనా అర్థమవుతుందా?

నా కథ కూడా చెప్పాలి

ఒకరి ఇంటి సంగతి చెప్పి నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. నేను పెనుకొండలో పుట్టి పెరిగాను. మా ఇంట్లో కడప స్టేషనూ, బెంగుళూరు స్టేషనూ వచ్చే పాత రేడియో ఉండేది. పాటలు కోరుతూ మా అమ్మ కార్డులు రాసేది. అన్నీ నాన్న పేరు మీదే రాసేది. "నీ పేరు రాయొచ్చు కదమ్మా" అంటే, "ఆడదాని పేరు రేడియోలో చదివితే ఏం బాగుంటుంది?" అనేది. ఒకసారి నిజంగానే చదివారు. నాన్న పేరు, మా అందరి పేర్లు. అమ్మ పేరు తప్ప. ఆ పాట కోరుకున్నది అమ్మ ఒక్కతే! అయినా పొయ్యి ముందు కూర్చుని ఎంత మురిసిపోయిందో.

1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారి 'పాడుతా తీయగా' మొదలైంది. పక్కింటి టీవీ ముందు చాప పరుచుకుని చూసేవాళ్ళం. నా ఈడు పిల్లలు స్టేజీ ఎక్కి పాడుతుంటే, నేనూ ఒకరోజు అక్కడ నిలబడతానని అనుకున్న మాట నిజం. ఆ కార్యక్రమంలో పాడిన విజయవాడ అమ్మాయి స్మిత 2000లో 'హాయ్ రబ్బా' అని ఆల్బమ్ తెచ్చింది. సినిమా కాదు, హీరో లేడు, కథ లేదు. ఒక తెలుగు అమ్మాయి తన పేరు మీద తన పాటల క్యాసెట్టు అమ్ముకుంటోంది! క్యాసెట్టు అట్ట మీద బొమ్మ కూడా ఆమెదే. అది మాకు ఎంత వింతో ఈ కాలం పిల్లలకు చెప్పినా అర్థం కాదు. మా క్లాసులో ఆ పాటలు రాని ఆడపిల్ల లేదు. తరువాత 'మసక మసక' అని పాత పాటనే కొత్త తాళంలో పాడి పెళ్ళి ఊరేగింపుల్లో కూడా మోగించింది. పెళ్ళయ్యాక కూడా పాడింది. ఆ సంగతి మాత్రం మా పెద్దవాళ్ళు ఎవరూ గమనించినట్టు లేదు.

2009లో నాకు పెళ్ళిచూపులు. అడిగారు, పాడాను. మా మామగారు కళ్ళు మూసుకుని మరీ విన్నారు. హిందూపురం కాపురానికి వచ్చాక, నన్ను పాడొద్దని ఎవరూ అనలేదు. అబద్ధం చెప్పకూడదు. కానీ ఒకరోజు మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ పాడుతుంటే అత్తగారు వచ్చి, "వీధిలోకి వినపడతాందమ్మా" అన్నారు. కోపంగా కూడా కాదు, ఆరేసిన చీర జారిపోతోందని చెప్పినంత మామూలుగా. అంతే. ఆ తరువాత నేను స్నానాల గదిలో కొళాయి తిప్పి పాడేదాన్ని. కొన్నాళ్ళకు అదీ పోయింది. పిల్లల్ని పడుకోబెట్టడానికి జోలపాట మాత్రం మిగిలింది. వాళ్ళూ పెద్దవాళ్ళయ్యారు.

గొంతు నొక్కాలంటే చెయ్యే వేయక్కర్లేదు. "వీధిలోకి వినపడతాంది" అన్న మాట చాలు.

మన జిల్లా పిల్లే

సరే, రైల్లో మోగిన ఆ పాట దగ్గరికి వద్దాం. ఆ గొంతు ఎవరిదో మీకు తెలుసు. మంగ్లీ. కానీ ఆమె ఊరేదని అడిగితే చాలామంది తెలంగాణ అంటారు. ఆమె బతుకమ్మ పాటలూ, బోనాల పాటలూ పాడిన తీరు అలాంటిది మరి. నిజానికి ఆమెది మన అనంతపురం జిల్లా గుత్తి మండలం బసినేపల్లి తండా. అసలు పేరు సత్యవతి రాథోడ్. 2022లో జిల్లాలు విడగొట్టాక హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి, గుత్తి అనంతపురంలోనే ఉండిపోయింది. అంతకు ముందు మనందరిదీ ఒకటే జిల్లా.

తండా అంటే మనకు తెలుసు. మన వైపు సుగాలీలంటాం, వాళ్ళు బంజారాలమని చెప్పుకుంటారు. వానలు లేక వేరుశనగ ఎండిపోతే మొదట మూటలు సర్దుకుని వలస వెళ్ళేది ఆ తండాల్లోంచే. అలాంటి చోటి నుంచి ఆ అమ్మాయి తిరుపతి వెళ్ళి ఎస్వీ యూనివర్సిటీలో సంగీతం డిప్లొమా చదివింది. హైదరాబాదులో వీ6 ఛానల్‌లో 'మాటకారి మంగ్లీ'గా కనిపించింది. ఆ తరువాత పండగకొక పాట. శివరాత్రికొకటి, సంక్రాంతికొకటి, బతుకమ్మకొకటి. ఇవేవీ సినిమా పాటలు కావు. యూట్యూబులో పెట్టిన పాటలు. జనం వాటంతట అవే వెతుక్కుని విన్నారు. ఆ వినికిడి చూశాకే సినిమా వాళ్ళు పెద్ద పాటలిచ్చారు. మామూలుగా సినిమాలో పాడాక పేరొస్తుంది. ఈమె విషయంలో పేరొచ్చాక సినిమా వచ్చింది.

2020లో 'అల వైకుంఠపురములో' సినిమాకు అనురాగ్ కులకర్ణితో కలిసి పాడిన 'రాములో రాములా' ఏ ఊళ్ళో మోగలేదు చెప్పండి? 2021లో శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' సినిమాకు పాడిన 'సారంగ దరియా' సినిమా కంటే ఎన్నో నెలల ముందే బయటికొచ్చింది. నెల రోజులు అటూ ఇటూగా పది కోట్ల సార్లు విన్నారు. అదే ఏడాది కన్నడ సినిమా 'రాబర్ట్' తెలుగు వెర్షన్‌కు ఆమె పాడిన పాటను కర్ణాటక జనం తెలుగులోనే పెట్టుకుని విన్నారు. సరిహద్దు ఊళ్ళలో ఉండేవాళ్ళం, మనకు ఇది తమాషాగా ఉంటుంది. ఎప్పుడూ బెంగుళూరు పాటలు మన వైపు రావడమే కానీ, మన జిల్లా పిల్ల తెలుగు పాట అటు వెళ్ళి కూర్చోవడం ఎన్నిసార్లు చూశాం? ఆ ఏడాది చివర్లో 'పుష్ప' సినిమాలో 'ఊ అంటావా' పాడిన ఇంద్రావతి చౌహాన్ ఈమె చెల్లెలు. ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళ పాటలు ఒకే ఏడాదిలో దేశమంతా మోగాయి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. అందుకే కాబోలు, మనవాళ్ళు ఈమె గురించి మాట్లాడినప్పుడు "ఎంత సంపాదించిందట?" అని అడుగుతారు కానీ, "ఆ ఇంట్లోవాళ్ళు పిల్లల్ని పాడనిచ్చారు, మనం ఎందుకు పాడనివ్వం?" అని అడగరు.

ఈ భయం ఎక్కడిది?

పాడే ఆడదంటే ఈ జంకు ఈనాటిది కాదు. మన దేశంలో మొదటి గ్రామఫోను రికార్డులు 1902లో కలకత్తాలో తీశారు. ఆ రోజుల్లో ఆ రికార్డులతో పేరు తెచ్చుకున్న గౌహర్ జాన్ తవాయఫు. దక్షిణాదిన కూడా మొదట్లో రికార్డులిచ్చిన ఆడవాళ్ళలో చాలామంది కళావంతుల ఇళ్ళ నుంచి, నాటకాల నుంచి వచ్చినవాళ్ళే. 'పెద్దింటి' ఆడవాళ్ళు గొంతు బయటపెట్టకూడదు. కానీ ఆ ఇళ్ళలోని మగవాళ్ళు పెట్టె కొని, ముల్లు మార్చి మార్చి ఆ రికార్డులే వినేవారు! ఆ పాడినవాళ్ళలో ఒకరైన బెంగుళూరు నాగరత్నమ్మ గారు తాను కూడబెట్టిన సొమ్ముతో తిరువయ్యారులో త్యాగరాజస్వామికి గుడి కట్టించారు. ఆ స్వామికి పాట తెలుసు, పాడినావిడ కులం అక్కర్లేదు. మనకే కావాల్సి వచ్చింది.

తెలుగులో ఆ గోడ దాటినవాళ్ళలో రావు బాలసరస్వతీదేవి గారిని మొదట చెప్పుకోవాలి. 1928లో పుట్టారు. ఆరేళ్ళ వయసుకే హెచ్.ఎం.వి. రికార్డుకు పాడారు. అప్పటి రికార్డు పక్కకు మూడు, మూడున్నర నిమిషాలే. ఇప్పటిలా తప్పు పోయిన చోట కత్తిరించి అతికించడం లేదు. ఒక్క స్వరం జారినా మొదటినుంచీ పాడాల్సిందే. ఆరేళ్ళ పిల్ల! సాలూరి రాజేశ్వరరావు గారితో కలిసి ఆమె పాడిన ప్రైవేటు పాటల రికార్డులు ఆనాడు ఇంటింటా మోగాయి. అప్పట్లో ఎన్ని లక్షలమంది విన్నారని చూపించే లెక్క లేదు కానీ, ఇప్పటి మాటలో చెప్పాలంటే మన తొలి పాప్ సింగర్ ఆమే అని నా అభిప్రాయం. రేడియోలో లలిత సంగీతానికి దారి వేసిన గొంతూ ఆమెదే. 1943లో వచ్చిన 'భాగ్యలక్ష్మి'లో తెర వెనక నుంచి వేరే నటికి పాడారు. తెలుగు సినిమాలో నేపథ్యగానం అక్కడే మొదలైందని చెబుతారు.

1944లో ఆమెకు కోలంక రాజా వారితో పెళ్ళయింది. అప్పటికి ఆమె వయసు పదహారేళ్ళు మించదు. పెళ్ళితో నటన ఆగిపోయింది. యాభైల్లో సినిమాల్లో కొన్ని పాటలు పాడారు. తరువాత ఆ గొంతు క్రమంగా తెర నుంచి తప్పుకుంది. 2025 అక్టోబరులో, తొంభై ఏడేళ్ళ వయసులో ఆమె కన్నుమూశారు. ఆ వార్త చదివిన రోజు నేను లెక్క వేసుకున్నాను. తొంభై ఏడేళ్ళ బతుకులో ఆ గొంతును మనం విన్నవి ఎన్నేళ్ళు? మిగతా ఏళ్ళన్నీ ఏ పాటలు పాడి ఉండేవారో!

అదే కాలంలో మరో రెండు ఇళ్ళు చూడండి. ఎస్. జానకి గారికి పెళ్ళయ్యాక భర్త రాంప్రసాద్ గారే రికార్డింగులకు తోడు వెళ్ళేవారు. సుశీల గారు పెళ్ళయ్యాక కూడా, బిడ్డను పెంచుతూనే దశాబ్దాల తరబడి పాడారు. 2016లో గిన్నిస్ వాళ్ళు ఆమె పాటలు లెక్కపెడితే 17,695 తేలాయి. దేవుడు ముగ్గురికీ గొంతిచ్చాడు. తేడా ఎక్కడుంది? సంగీతంలో లేదు. గడప లోపలే ఉంది.

అందుకే అంటాను, ఆడదాని పాట హిట్టు కావాలా, పెట్టెలో పడాలా అన్నది స్టూడియోలో తేలదు. వంటింట్లో తేలుతుంది.

తల్లుల భయాన్ని కొట్టిపారేయలేం

ధర్మవరంలో నేను దిగగానే మా వదిన ఒక మాట అంది. "నీకేం, నువ్వు చెప్తావు. దాని పాట కింద ఎవడెవడో ఏమేమి రాసినాడో చదివితే నీకు నిద్ర పట్టదు." ఫోన్ తీసి చూపించింది. చదివాను. నిజంగానే నిద్ర పట్టని మాటలే. పాట గురించి ఒక్కటీ లేదు. పిల్ల ఒంటి గురించీ, పైట గురించీ. పిల్ల కట్టుకున్నది వాళ్ళ మగ్గం మీద నేసిన పట్టుచీర!

కాబట్టి ఆ తల్లి భయం ఉత్తది కాదు. అబ్బాయి తల్లి భయమూ ఉత్తది కాకపోవచ్చు. కానీ ఒక్క మాట అడుగుతాను. వీధిలో ఎవడో రాయి విసిరితే, మన పిల్లను ఇంట్లో పెట్టి తాళం వేస్తాం సరే, రాయి విసిరినవాడి తల్లి ఎవరు? వాడూ ఎవరో ఒకరి ఇంట్లోనే అన్నం తింటున్నాడు కదా? మన కొడుకుల ఫోన్లలో ఏం రాస్తున్నారో మనం ఎన్నిసార్లు అడిగాం? పిల్ల పాడటం మానేస్తే ఆ రాతలు ఆగవు. ఇంకో పిల్ల పాట కిందికి పోతాయి.

ఇంకో సంగతి. పాట నుంచి డబ్బు కూడా వస్తుంది. ఆ మాట చెప్పడానికి మనం మొహమాటపడతాం. మా మేనకోడలిని ఒక స్టూడియో అతను పిలిచి నాలుగు పాటలు పాడించుకుని, ఐదు వేలు చేతిలో పెట్టి, ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నాడట. ఏం రాసుందో చదివావా అంటే, "ఇంగ్లీషులో ఉండింది అత్తా" అంది. డిగ్రీ చదివిన పిల్ల! పట్టుచీర అమ్మేటప్పుడు గ్రాము వెండి జరీకి కూడా లెక్క అడిగే ఇల్లు అది. పాటకు మాత్రం లెక్క అడగలేదు.

2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. పాట రాసినవాళ్ళకూ, బాణీ కట్టినవాళ్ళకూ, పాడినవాళ్ళకూ ఆ పాట తరువాత తెచ్చిపెట్టే డబ్బులో హక్కు ఉంటుందని అందులో ఉంది. కాబట్టి ఆడపిల్లల తల్లులకు నా విన్నపం. పాడనివ్వండి, కానీ గుడ్డిగా సంతకం పెట్టనివ్వకండి. ఆ పాట ఎవరి ఛానల్‌లో ఉంటుంది, వచ్చే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, పిల్ల పేరు పాట కింద రాస్తారా లేదా, అన్నవి ముందే అడగండి. కాగితం తెలుగులో చదివించుకోండి.

పేరు రాయడం చిన్న సంగతి కాదు. 'సారంగ దరియా' మోగిపోతున్న రోజుల్లోనే, అంతకు ముందు 'రేలారె రేలా' టీవీ కార్యక్రమంలో ఆ జానపదం పాడిన కోమల అనే గాయని తన మాటేమిటని అడిగింది. దర్శకుడు జనం ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. సినిమా కోసం ఆ పాటను తిరగరాసిన సుద్దాల అశోక్ తేజ గారి పేరు మనకు తెలుసు, బాణీకి పేరుంది, పాడిన మంగ్లీకి పేరుంది. వరినాట్లలోనో, తిరగలి దగ్గరో ఆ పాటను మొదట అనుకున్న ఆడమనిషి పేరు ఏమిటి? మన జేజెమ్మల పాటలన్నీ ఇలా పేరు లేకుండానే మిగిలాయి. మా అమ్మ రేడియోకు రాసిన కార్డుల్లాగా.

ఆ సాయంత్రం

మా వదిన నన్ను పిలిపించింది పిల్లకు 'సర్దుకుపో' అని చెప్పమని. మిద్దె మీద కూర్చున్నాం, నేనూ పిల్లా. కింద మగ్గం ఆడుతోంది. "ఏమత్తా, నువ్వు కూడా మానేయమనే చెప్పేదానికి వచ్చినావా?" అంది. నేను జవాబు చెప్పేలోపే, "నువ్వు పెండ్లికి ముందు బాగా పాడేదానివంట కదా, అమ్మ చెప్పింది. ఇప్పుడు ఎందుకు పాడవు?" అంది.

కథలు రాసేదాన్ని, మాటలకు కొదవ లేదనుకునేదాన్ని. నాకు ఒక్క మాట రాలేదు. ఎవరూ వద్దనలేదే, మరి నేనెందుకు పాడటం లేదు?

కాసేపాగి అన్నాను. "నేను మానేశాను కాబట్టే చెప్తున్నాను, నువ్వు మానొద్దు. కానీ దాచి పెట్టి పెళ్ళి చేసుకోవద్దు. ఆ అబ్బాయితో నువ్వే మాట్లాడు. వాళ్ళమ్మతో కాదు, నాతో చెప్పించడం కాదు. పాడతానని చెప్పు. అతనేమంటాడో విను."

వదినకు కోపం వచ్చింది. "ఈ సంబంధం తప్పిపోతే నువ్వు తెస్తావా ఇంకోటి?" అంది. ఆవిడ బాధ ఆవిడది. నేను తల దించుకుని విన్నాను. సమాధానం నా దగ్గర లేదు మరి.

పిల్ల ఆ రాత్రే ఫోన్ చేసింది. అబ్బాయి "మా అమ్మతో మాట్లాడి చెప్తాను" అన్నాడట. పది రోజులైంది. ఇంకా చెప్పలేదు. ఆ 'మాట్లాడి చెప్పడం'లో ఆ పిల్ల బతుకంతా ఉంది. ఆ అబ్బాయి ధైర్యం ఎంతో కూడా అందులోనే తేలుతుంది.

అందరి పిల్లలూ మంగ్లీలు కాలేరు. కోట్లమంది వినక్కర్లేదు. ఆ లెక్కలు ఇవాళ పెరుగుతాయి, రేపు ఇంకో పాట వచ్చి వాటిని దాటేస్తుంది. నేను అడిగేది అంత పెద్దది కాదు. పెళ్ళిచూపుల్లో పాట అడిగే హక్కు మీకుంటే, పెళ్ళయ్యాక ఆ పాటను బతికించే బాధ్యత కూడా మీదే. అంత ఓపిక లేకపోతే పెళ్ళిచూపుల్లో అడగకండి. పాటకీ పట్టుచీరకీ తేడా ఉంది. చీరను మడిచి బీరువాలో పెట్టి పదేళ్ళ తరువాత తీసినా కట్టుకోవచ్చు. గొంతును అలా మడిచి పెడితే మడత దగ్గర చిరిగిపోతుంది. నా గొంతే సాక్ష్యం.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఎవరూ పాట పెట్టలేదు. ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, చాలా ఏళ్ళ తరువాత, గొంతు తీశాను. మొదట బొంగురుగా వచ్చింది. పైస్థాయికి పోయే చోట అందలేదు. రెండోసారి కొంచెం అందింది. అత్తగారు కింద వరండాలో బియ్యం ఏరుకుంటున్నారు. "వీధిలోకి వినపడతాంది" అంటారేమోనని చూశాను.

ఆవిడ తల ఎత్తకుండానే, "ఆ రెండో చరణం మర్చిపోయినావే?" అన్నారు.

అంటే ఆవిడకూ వచ్చన్నమాట! ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, మేమిద్దరం ఒకే పాట తెలిసి, ఒకరి ముందు ఒకరు పాడుకోలేదు. ఆవిడ పాటను ఏ ఇంట్లో వదిలి వచ్చారో ఈసారి తీరిగ్గా కూర్చుని అడగాలి.